ఛత్ ఉంది, ఫర్ష్ ఏదీ?

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ట్రోఫీ ఎత్తింది. 2023–24 సీజన్‌లో అదే టీమ్ 22 మ్యాచుల్లో ఒకే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున కూచుంది. 2025 అక్టోబర్‌లో క్లబ్బు పేరే మారిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త బోర్డు పెట్టుకుని మకాం ఎత్తేసింది. తాజ్ తల మీద పెట్టుకున్న రోజు నుంచి షహర్ వదిలిన రోజు దాకా మూడున్నరేళ్ళు. అంతే.

ఇలా ఎందుకైందని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. కోచ్ వెళ్ళిపోయాడని కొందరు, కిస్మత్ బాగాలేదని కొందరు, నజర్ తగిలిందని ఇంకొందరు. నేను మాత్రం ఆ క్లబ్బు గడిపిన వేసవులన్నీ వరసగా ముందు పెట్టుకుని హిసాబ్ చూడమంటాను. ఒక టీమ్ వేసవిలో మంచి పని చేసిందా లేదా అన్నది ఎవరిని తెచ్చింది, ఎంతకు తెచ్చింది అన్న లెక్కతోనే తేలదు. ఇచ్చిన వాదాకు తగ్గ పైకం దాని దగ్గర ఉందా అన్నది ముందు చూడాలి. మన లీగు మొదటి లెక్కకు కాయిదా రాసుకుంది. రెండో లెక్కను మాలిక్‌ల ఈమాన్‌కు వదిలేసింది.

ఫుట్‌బాల్ అంతగా చూడని అమ్మీలకూ అబ్బాలకూ ఒక మాట. సీజన్ అయిపోయాక ఆటగాళ్ళ మండీ మొదలవుతుంది. ఒప్పందం ముగిసినవాళ్ళు పోతారు, కొత్తవాళ్ళు వస్తారు, కొందరిని ఇంకో క్లబ్బు రఖమ్ కట్టి తీసుకుంటుంది. ఈ మండీలో డబ్బున్నవాడు అందరినీ ఎగరేసుకుపోకుండా లీగు ఒక హద్దు పెట్టింది. మన టీమ్ మంచి రోజుల్లో ఉన్నప్పుడు ఆ హద్దు సుమారు 16.5 కోట్లు. ఆటగాళ్ళ జీతాలు అన్నీ కలిపి ఏడాదికి అంతకు మించకూడదు. దీన్నే శాలరీ క్యాప్ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే ఛత్. తల దానికి తగలకుండా నిలబడాలి.

ఇక వేసవుల హిసాబ్.

2019 వేసవిని నేను ఫెయిల్ చేస్తాను. పుణె క్లబ్బు మూతపడితే దాని జాగాలో ఆగస్టులో మన టీమ్ పుట్టింది. అక్టోబర్‌లో సీజన్ మొదలు. చేతికి అందినవాళ్ళను సర్దుకోవడం తప్ప ఆలోచించే ఫుర్సత్ లేదు. పేరున్న విదేశీ ఆటగాళ్ళు ముందు, వెనక డిఫెన్సు ఖాళీ. మొదటి మ్యాచే కలకత్తాలో 0–5. సీజన్ మొత్తం మీద రెండు గెలుపులు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. పెళ్ళి వారం ఉందనగా షాదీఖానా వెతికినట్టు కట్టిన టీమ్ అది.

2020 వేసవికి మాత్రం పూర్తి మార్కులు. వస్తాడనుకున్న కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. ఆగస్టు చివర్లో మనోలో మార్క్వెజ్ వచ్చాడు. విదేశీ ఆటగాళ్ళను దాదాపు అందరినీ మార్చేశారు. నా నజర్‌లో దానికన్నా పెద్ద పని ఇంకోటి జరిగింది. ఇండియన్ ఆరోస్ నుంచి ఆకాశ్ మిశ్రా, రోహిత్ దాను లాంటి కుర్రాళ్ళను తెచ్చారు. అప్పటికే టీమ్‌లో ఉన్న ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్‌లను బెంచీ మీద కూచోబెట్టకుండా ఆడించారు. ఆ ఏడాది ఐదో స్థానంలో ఆగిపోయారు. చివరి మ్యాచ్ గోవాతో డ్రా అవడంతో ప్లేఆఫ్ చేజారింది. అయినా ఇది నిలబడే ఇల్లని అప్పుడే తెలిసింది.

ఎందుకంటారా? 2021లో లీగు కాయిదా మారింది. మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీయులు ఆడేది పోయి, నలుగురే అయ్యారు. అంటే ఏడుగురు దేశీ ఆటగాళ్ళు తప్పనిసరి. ఛత్ ఉన్నచోటే ఉంది, మంచి దేశీ ఆటగాళ్ళకు మాత్రం గిరాకీ పెరిగింది. మిగతా క్లబ్బులు మండీకి పరిగెత్తే సమయానికి మన దగ్గర కుర్రాళ్ళు ఏడాది ఆడి తయారుగా ఉన్నారు. ధర పెరగకముందే బియ్యం బస్తా ఇంట్లో వేసుకున్న ఇల్లాలి లాంటి తెలివి అది.

2021 వేసవి క్లబ్బు చరిత్రలోనే బెహతరీన్. లిస్టన్ కొలాసోను మోహన్ బగాన్‌కు ఇచ్చేశారు. కోటి రూపాయల దాకా ముట్టిందని అప్పటి పత్రికలు రాశాయి. అభిమానులు గుస్సా అయ్యారు. ఆపైన 36 ఏళ్ళ బార్తొలొమ్యూ ఓగ్బెచేను తెచ్చారు. నైజీరియా తరఫున 2002 ప్రపంచ కప్ ఆడిన మనిషి. ముసలివాడికి జీతమిచ్చి కుర్రాణ్ణి అమ్ముకున్నారని చాలామంది వెక్కిరించారు. ఆ సీజన్‌లో ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ వేస్తే, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. 3–1. కప్పు మనది.

లిస్టన్‌ను అమ్మడం నా లెక్కలో తప్పు కాదు. అతని జాగాలో ఆడేవాళ్ళు టీమ్‌లో ఉన్నారు, గోల్స్ కొట్టేవాడు లేడు. ఉన్నదాన్ని ఇచ్చి లేనిదాన్ని తెచ్చుకున్నారు. తిజారత్ అంటే అదే కదా.

2022 వేసవిలో కప్పు గెలిచిన ప్రతి టీమ్‌కూ వచ్చే కష్టం వచ్చింది. మనవాళ్ళ మీద అందరి కళ్ళూ పడ్డాయి. ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు, సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. అయినా మనోలో టీమ్‌ను చెదరనివ్వలేదు. లీగు దశలో 42 పాయింట్లు, కప్పు గెలిచిన ఏడాదికన్నా నాలుగు ఎక్కువ. రెండో స్థానం. సెమీస్‌లో పెనాల్టీల మీద ఓడారు. ఇక్కడి దాకా రాసిన జమా కాలమ్ చూస్తే ఇంతకన్నా బాగా నడిచిన క్లబ్బు దేశంలో అరుదు.

ఖర్చు కాలమ్ తెరిస్తే వేరే కథ.

2023 వేసవిలో మనోలో గోవాకు వెళ్ళాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి పోయాడు. ఓగ్బెచే వెళ్ళిపోయాడు. నర్జారీ, రోహిత్ దాను బెంగళూరు చేరారు. సీజన్ మొదలయ్యేసరికి జీతాల బకాయిల మాట బయటికి వచ్చింది. ఫిర్యాదుల మీద ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2024 జనవరిలో విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ సామాన్లు సర్దుకున్నారు. యాసిర్, చింగ్లెన్సానా, నిఖిల్ పూజారి లాంటి సీనియర్లూ పోయారు. బ్రెజిల్‌వాడు జొవావ్ విక్టర్ మిగిలాడు. చుట్టూ కుర్రాళ్ళు. ఆ సీజన్‌లో వాళ్ళు పది గోల్స్ వేశారు, 43 తిన్నారు. ఓడారని వాళ్ళను నేను ఒక్క మాట అనను. మ్యాచ్ మ్యాచ్‌కూ బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగడమే ఆ ఏడాది వాళ్ళ బహాదురీ.

2021లో అమ్మడానికీ 2023లో పోగొట్టుకోవడానికీ తేడా చూడండి. మొదటిది ఇల్లు పెంచుకోవడానికి ఒక గది మార్చడం. రెండోది బీవీ జేవర్ అమ్మి కిరాయి కట్టడం. మండీ పేజీలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫలానా ఆటగాడు ఫలానా క్లబ్బుకు, అంతే. పేర్లు చూసి మార్కులు వేసేవాళ్ళం అక్కడే మోసపోతాం.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. ఆలస్యంగా, హడావుడిగా మళ్ళీ 2019 లాంటి వేసవే. 13 టీముల్లో 12వ స్థానం. ఆ తరవాతి ఏడాది ఢిల్లీ.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. ఉర్దూలో తన్‌ఖ్వా అంటే జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. రెండూ పక్కపక్కన చూసి ఆ రోజుల్లో నవ్వుకునేవాణ్ణి. హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూశాక నవ్వు రాలేదు. కుర్రాళ్ళ తన్‌ఖ్వా కాస్తా తనఖాలో పడింది.

ఈ మొత్తం కథలో ఒక విషయం మీరు గమనించాలి. జీతాలు అందనప్పుడు ఛత్ ఎవరినీ కాపాడలేదు. ఒప్పందాల మొత్తం హద్దుకు లోపలే ఉందా అని లీగు చూస్తుంది. ఆ కోట్లు ఖాతాలో ఉన్నాయా అన్నది ఛత్ చూసే పని కాదు. క్లబ్బు లైసెన్సు నిబంధనల్లో బకాయిలు ఉండకూడదన్న షరతు లేకపోలేదు. మినహాయింపుల దర్వాజా తెరిచి ఉన్నంతకాలం ఆ షరతుకు పళ్ళు లేవు. ఫిఫా నిషేధం వచ్చేది చాలా ఆలస్యంగా. వచ్చాక దాని దెబ్బ మాలిక్‌కన్నా ముందు టీమ్‌లో మిగిలిన కుర్రాడికి తగులుతుంది.

ఇది ఒక్క హైదరాబాద్ దుఃఖం కూడా కాదు. మన ఇళ్ళల్లో తాతల కాలం నుంచి ముహబ్బత్‌తో పలికే పేరు మహమ్మడన్ స్పోర్టింగ్. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచిన క్లబ్బు. 2024లో ఐ-లీగ్ గెలిచి ఐఎస్‌ఎల్‌కు వచ్చింది. మొదటి సీజన్‌లోనే జీతాలు అందక గొడవ, మధ్యలో కోచ్ రాజీనామా, చివరికి ఆఖరి స్థానం. 2025 వేసవిలో లీగు నడిపే ఒప్పందమే తేలక కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. ఛత్ అన్ని చోట్లా పదిలంగానే ఉంది. కాళ్ళ కింద ఫర్ష్ లేదు.

వేరే దేశాల్లో ఏం చేస్తారు? స్పెయిన్‌లో హద్దు అందరికీ ఒకటి కాదు. క్లబ్బు ఆమ్దనీ ఎంత, అప్పులెంత, మిగతా ఖర్చులెంత అని లీగు లెక్క వేసి, ఒక్కో క్లబ్బుకు ఒక్కో హద్దు ఇస్తుంది. దానికి లోబడకపోతే ఆటగాణ్ణి నమోదే చేయనివ్వదు. 2021 ఆగస్టులో మెస్సీ అంతటివాడు బార్సిలోనా వదలాల్సి వచ్చింది ఆ లెక్కల దగ్గరే. చాదర్ ఎంత ఉంటే అంతే కాళ్ళు చాపాలని మన పెద్దలు చెప్పిన మాటనే వాళ్ళు కాయిదా చేసుకున్నారు.

అమెరికాలో మన పిల్లలు ఆదివారాలు చూసే ఫుట్‌బాల్ వేరే ఆట, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. డల్లాస్‌లో ఉన్న మీ అల్లుణ్ణో కొడుకునో అడగండి, ఆ ఎన్‌ఎఫ్‌ఎల్ శాలరీ క్యాప్ గురించి గంట మాట్లాడతాడు. 2025లో ఒక్కో టీమ్‌కు 279 మిలియన్ డాలర్ల పైమాట. ఆ లీగులో పై హద్దుతో పాటు కింది హద్దు కూడా ఉంది. కొన్నేళ్ళ లెక్క కలిపి చూస్తే క్యాప్‌లో దాదాపు 90 శాతం ఆటగాళ్ళకు నగదుగా ఇచ్చి తీరాలి. వాళ్ళ ఆదాయానికీ మనదానికీ జమీన్ ఆస్మాన్ ఫరఖ్ ఉంది, నిజమే. సూత్రం మాత్రం తీసుకోవచ్చు. ఇంతకు మించి ఇవ్వకు అన్న లీగే, చెప్పినంత ఇచ్చి తీరు అని కూడా అనాలి.

దీనికి ఒక ఏతరాజ్ వినిపిస్తుంది. క్లబ్బులన్నీ నష్టాల్లోనే నడుస్తున్నాయి, మాలిక్‌లు జేబులోంచి పెడుతున్నారు, ఇంకా షరతులు పెడితే ఎవరొస్తారు అని. మాలిక్‌ల నష్టం అబద్ధమని నేననను. టికెట్ల మీద, జెర్సీల మీద వచ్చేది చాలా తక్కువ. అలాంటప్పుడు వాదా కూడా తక్కువ చేయాలి. శాలరీ క్యాప్ అన్నది హద్దు. అంత ఖర్చు పెట్టి తీరాలని ఎవరూ అనలేదు. పది కోట్ల టీమ్ కట్టి, నెల మొదటి వారంలో జీతం వేసే క్లబ్బు ఎనిమిదో స్థానంలో ఉన్నా దానికి నేను సలాం చేస్తాను. పసీనా ఆరకముందే ఉజ్రత్ చేతికి రావాలని చిన్నప్పటి నుంచీ విని పెరిగినవాళ్ళం మనం. గోల్స్ లెక్క దాని తరవాతే.

ఈ షహర్‌కు ఇది కొత్తగా నేర్పాల్సిన పాఠం కూడా కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ సిటీ పోలీస్ టీమ్‌ను తయారు చేసిన రోజుల్లో శాలరీ క్యాప్ లేదు. ఆటగాడికి పోలీసు నౌకరీ ఉండేది. పెద్ద జీతం కాదు. నెల తిరిగేసరికి వచ్చేది. మోకాలు విరిగినా ఇంట్లో చూల్హా ఆరదన్న ఇత్మినాన్ ఉండేది. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీమ్ సాబ్ కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చింది. ఆ విజయాలకు ఆయన హునర్, కుర్రాళ్ళ మెహనత్ మూలం. కాని రేపటి రోటీ గురించి ఫికర్ లేని కుర్రాడే పొద్దున్నే మైదానానికి పూర్తి మనసుతో వస్తాడు. ఆ రోజుల్లో ఫర్ష్ సర్కారు నౌకరీ. ఈ రోజుల్లో అది లీగు వేయాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2022 ఫైనల్ మొదలుపెట్టిన మన పదకొండు మందిలో హైదరాబాద్‌లో పుట్టిన కుర్రాడు ఒక్కడూ లేడు. పేరు మనది, జెర్సీ మనది, పాదాలు ఎక్కడివో. సిక్కిం కుర్రాడు, మణిపూర్ కుర్రాడు మన కోసం చెమటోడిస్తే నాకు ఖుషీయే. కాని బస్తీలో వేరు లేని చెట్టును ఎత్తి ఢిల్లీలో నాటడం సులువైంది. పదకొండులో ముగ్గురు బార్కస్ నుంచో బొల్లారం నుంచో ఉండి ఉంటే, ఆ రోజు షహర్ ఇంత ఖామోష్‌గా ఉండేది కాదు.

ఈ సంగతులన్నీ మన కుటుంబాలకు ఎందుకంటే, మన ఇళ్ళల్లో ఆడే కుర్రాళ్ళున్నారు. అకాడమీకి పంపాలా, క్లబ్బు కాగితం ఇచ్చింది సంతకం పెట్టాలా అని అడిగే తల్లిదండ్రులు నాకు తరచూ తారసపడతారు. వద్దని నేను చెప్పను. సంతకానికి ముందు నాలుగు పనులు చేయమంటాను. ఒప్పందం కాపీ మీ దగ్గర పెట్టుకోండి, అది ఫెడరేషన్‌లో నమోదైందో లేదో చూడండి. మధ్యవర్తి కమీషన్ ఎవరు కడతారో రాతలో ఉండాలి. ఆ క్లబ్బులో ఇప్పటికే ఆడుతున్న ఇద్దరిని విడివిడిగా అడగండి, ఆఖరి జీతం ఏ తారీఖున పడిందని. చదువు మానిపించకండి. పదిహేడేళ్ళ కుర్రాడికి మోకాలి మీద ఎంత భరోసా ఉన్నా, చేతిలో సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఇప్పటికే ఒప్పందంలో ఉన్నవాళ్ళు ఒక హక్కు తెలుసుకోవాలి. క్లబ్బు రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు పెట్టవచ్చు. అప్పటికీ రాకపోతే ఒప్పందం తెంచుకోవడం ఫిఫా నిబంధనల ప్రకారం జాయిజ్. షరమ్ పడి ఆరునెలలు ఊరుకోవాల్సిన అవసరం లేదు. ఆటగాళ్ళకు దేశంలో ఒక సంఘం ఉంది, ఫెడరేషన్‌లో ఫిర్యాదు వినే కమిటీ ఉంది. కోచ్ ఏమనుకుంటాడో, తరవాతి క్లబ్బు తీసుకుంటుందో లేదో అన్న ఖౌఫ్‌తోనే చాలామంది నోరు మూసుకుంటారు. ఆ ఖౌఫ్ పోవాలంటే ఇంట్లోవాళ్ళు వెనక నిలబడాలి.

లీగుకు నా మాట కూడా చిన్నదే. సీజన్ మొదలవకముందే ప్రతి క్లబ్బూ ఆ ఏడాది జీతాల్లో కనీసం సగం బ్యాంకు గ్యారంటీగా పెట్టాలి. ఒక నెల జీతం తప్పితే అందులోంచి ఆటగాడి ఖాతాలోకి పోవాలి. క్లబ్బు ఆమ్దనీని బట్టి హద్దు మారాలి. ప్రతి టీమ్‌లో సొంత ఊరి కుర్రాళ్ళకు కొన్ని జాగాలు ఉండాలి. ఎన్ని అన్నది కూచుని తేల్చుకోవచ్చు.

ఇన్షాఅల్లా, ఎప్పుడో ఒకప్పుడు ఈ షహర్ పేరుతో ఐఎస్‌ఎల్‌కు మళ్ళీ ఒక టీమ్ వస్తుంది. గచ్చిబౌలిలో పసుపు జెండాలు మళ్ళీ లేస్తాయి. ఆ వేసవిలో స్ట్రైకర్ పేరు పెద్ద అక్షరాల్లో వస్తుంది, అందరం సంబరపడతాం. దాంతో పాటు ఆ క్లబ్బు బ్యాంకులో ఏం పెట్టిందో కూడా అడుగుదాం. అడగాల్సింది అభిమానులే. మాలిక్‌లు తమంతట తాము చెప్పరు.